నాలుగు తాళంచెవులు, 229 అధ్యాయాలు

నావొషి కోమి అనే జపాన్ చిత్రకథకుడి గురించి చెప్పడానికి రెండు అంకెలు చాలు: 23, 229.

2008లో ఆయన వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో 'డబుల్ ఆర్ట్స్' అనే సీరియల్ మొదలుపెట్టారు. చెయ్యి వదిలితే అమ్మాయి ప్రాణం పోతుంది కాబట్టి రాత్రనక పగలనక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే తిరగాల్సిన జంట కథ అది. ఊహ కొత్తది, బొమ్మ ముచ్చటైనది. అయినా 23 అధ్యాయాలకే పత్రిక దానికి మంగళం పాడింది. మూడేళ్ల తర్వాత, 2011 నవంబర్ 7న, అదే పత్రికలో ఆయనదే 'నిసెకోయి' మొదలైంది. అబద్ధపు ప్రేమ అని అర్థం. అది 2016 ఆగస్టు 8 దాకా నడిచి 229 అధ్యాయాల దగ్గర ముగిసింది. మొదటిదానికి ఇంచుమించు పదింతలు. మొదటి కథను ఊపిరి పీల్చుకోకముందే ఆపేశారు. రెండో కథకు చేరాల్సిన చోటు ఎదురుగా కనిపిస్తున్నా ఏళ్ల తరబడి అడుగు పడలేదు.

నిసెకోయి చదివిన వాళ్లలో ఎవరిని కదిపినా ఒకే మాట: బొమ్మలు అద్భుతం, కథ జీడిపాకం. ఈ తీర్పుతో నాకు పేచీ లేదు. దానికి జనం చెప్పే కారణంతోనే పేచీ. కోమికి గీయడం వచ్చు, రాయడం రాదు అని తేల్చేస్తారు. 23 అధ్యాయాల డబుల్ ఆర్ట్స్ చదివితే ఆ మాట నిలవదు. రాయడం వచ్చినవాడి కథ 229 అధ్యాయాల్లో ఎలా పలచబడిందో లెక్క వేసి చూడాలి.

మొదటి సంపుటిలోనే తెలిసిపోయిన సంగతి

రాకు ఇచిజో ఒక యాకుజా ముఠా నాయకుడి కొడుకు. ఇంటినిండా కత్తిగాట్ల మొహాలు, కుర్రాడికేమో ఆ బతుకు వద్దు. బుద్ధిగా చదువుకుని ప్రభుత్వోద్యోగం తెచ్చుకోవాలన్నది అతడి జీవితాశయం. (ఈ ఒక్క విషయంలో అతడు మన ఇళ్లలో పిల్లాడే.) అదే ఊళ్లోకి అమెరికా నుంచి మరో ముఠా దిగుతుంది. దాని నాయకుడి కూతురు చిటోగె కిరిసాకి. ఇద్దరికీ క్షణం పడదు. కానీ రెండు ముఠాల మధ్య యుద్ధం రాకుండా ఉండాలంటే వాళ్లిద్దరూ ప్రేమికుల్లా నటించాలని తండ్రులు తీర్మానిస్తారు. గడువు మూడేళ్లు.

రాకు మెడలో ఒక లాకెట్ ఉంటుంది. పదేళ్ల కిందట, చిన్నప్పుడు, ఒక అమ్మాయితో చేసుకున్న వాగ్దానానికి గుర్తు. లాకెట్‌కు తాళం ఉంది. తాళంచెవి ఆ అమ్మాయి దగ్గర ఉంది. ఆ అమ్మాయి ఎవరో రాకుకు గుర్తులేదు.

ఇక కోసాకి ఒనొదెరా. తరగతిలో ఉండే మెత్తని అమ్మాయి, వాళ్లది జపాన్ మిఠాయిల దుకాణం. రాకుకు ఆమె అంటే ఇష్టం, ఆమెకూ రాకు అంటే ఇష్టం. ఈ సంగతి పాఠకుడికి 25 సంపుటాల్లో మొదటిదానిలోనే తెలిసిపోతుంది. ఆ ఇద్దరికి మాత్రం తెలియదు. ఒక్క వాక్యం పైకి అంటే తెగిపోయే ముడి అది. ఆ వాక్యం వచ్చేది కథ ముగింపు అంచున.

మధ్యలో ఆ వాక్యాన్ని ఆపడానికి ఏమేం జరుగుతాయో చెబితే నమ్మరు. ఖాళీ తరగతి గదిలో, సాయంత్రపు వెలుగులో, కోసాకి నోరు విప్పబోతుంది. సరిగ్గా అప్పుడే మైదానంలోంచి బేస్‌బాల్ బంతి వచ్చి కిటికీ అద్దాన్ని పగలగొడుతుంది. మొదటిసారి నవ్వొస్తుంది. అలాంటి బంతులు రూపం మార్చుకుని వస్తూనే ఉంటాయి.

బొమ్మ చేసే పని

కథ మీద ఫిర్యాదుకు ముందు బొమ్మకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. 'అందంగా ఉంది' అని ఒక మాట అనేసి ముందుకు పోతే ఏం బాగుందో, అది కథను ఏం చేసిందో అర్థం కాదు.

జంప్ పత్రికను చవక కాగితం మీద అచ్చు వేస్తారు. పునర్వినియోగ కాగితం, లేత రంగులు పులిమినది, ముట్టుకుంటే గరుకు. లోపల పుటలన్నీ దాదాపుగా నలుపు తెలుపే. సన్నని గీత ఆ కాగితం మీద చెదిరిపోతుంది, బూడిదరంగు చుక్కల తెర మసకబారుతుంది. అక్కడ ఒక పాత్రను అర సెకనులో గుర్తుపట్టేలా గీయడమే మొదటి పరీక్ష. కోమి ఆ పరీక్షను జుట్టుతో నెగ్గారు. చిటోగెది నడుము దాటే బంగారురంగు జుట్టు, కాబట్టి తెల్లగా వదిలేస్తారు. పైన రిబ్బన్, రెండు కొసలూ నిక్కబొడుచుకుని. కోసాకిది పొట్టి జుట్టు, ఒక పక్క పొడవుగా జారిన ముంగురులు. కథలోకి తర్వాత వచ్చే మరికా తచిబానా తలలో పువ్వు. త్సుగుమి మగవేషంలో పెరిగిన పిల్ల కాబట్టి కత్తిరించిన జుట్టు. మొహాలు తీసేసి నీడలు మాత్రమే మిగిల్చినా ఎవరెవరో చెప్పేయవచ్చు.

రెండోది ముఖం. రొమాంటిక్ కామెడీలో అందమైన ముఖం గీయడం కష్టమేమీ కాదు. అదే ముఖాన్ని ఒక పుటలో వికృతంగా సాగదీసి, పక్క పుటలో అందంగా నిలబెట్టడం, రెండూ ఒకే మనిషివని నమ్మించడం కష్టం. చిటోగె రాకును గుద్దేటప్పుడు మొహం కార్టూన్. రాకు ఆమెను గొరిల్లా అని వెక్కిరించేదీ అప్పుడే. అదే చిటోగె ఒంటరిగా ఉన్నప్పుడు కళ్లు పెద్దవై, గీత సన్నబడి, వెనక దృశ్యం మాయమై కాగితం తెలుపు మాత్రమే మిగులుతుంది. ఈ రెంటి మధ్య మార్పు ఒక్క ప్యానెల్ దూరంలో జరిగిపోతుంది. హాస్యం నుంచి ప్రేమకు జారడానికి సంభాషణ చేయాల్సిన పనిని బొమ్మ చేసేస్తుంది.

చిక్కూ అక్కడే మొదలవుతుంది. అధ్యాయం చివరి పుట నిండా ఒకే ముఖం పెట్టడం కోమికి ఇష్టమైన ఎత్తు. సిగ్గుపడుతున్న ముఖమో, ఏదో అనబోయి ఆగిన ముఖమో. ఆ పుట చూసినప్పుడు ఏదో జరిగిందన్న తృప్తి కలుగుతుంది. పత్రిక మూశాక ఆలోచిస్తే ఏమీ జరగలేదని తెలుస్తుంది. అప్పటికి కొత్త సంచిక వచ్చే సోమవారం దగ్గరపడుతుంది.

వారానికి 19 పుటలు, కార్డుకు 3 ఓట్లు

జంప్‌లో ఒక అధ్యాయం మామూలుగా 19 పుటలు. 229 అధ్యాయాలంటే 4,351 పుటలు. రంగు పుటలు, అదనపు పుటలు పక్కన పెట్టినా అంత. పుటకు ఐదారు ప్యానెళ్లు వేసుకుంటే 20 వేలకు పైగా బొమ్మలు. 2011 నవంబర్ 7కూ 2016 ఆగస్టు 8కీ మధ్య సరిగ్గా 248 వారాలు. పత్రికకే కొత్త సంవత్సరం, ఆగస్టు వంటి సందర్భాల్లో సెలవు వారాలుంటాయి. అవి తీసేస్తే కోమి దాదాపు విరామమే లేకుండా గీశారని లెక్క తేలుతుంది. కథా ఆయనదే, బొమ్మా ఆయనదే. సహాయకులు వెనక దృశ్యాలు, టోన్లు, నలుపు నింపడం వంటివి చూస్తారు. కథ ఆలోచించే సహాయకుడు ఉండడు. ఎడిటర్ ఉంటాడు.

వారం ఎలా గడుస్తుందంటే, ముందు కచ్చా బొమ్మలతో అధ్యాయం మొత్తాన్ని వేసుకోవాలి. జపాన్‌లో దాన్ని 'నేము' అంటారు. ఎడిటర్ దాన్ని చూసి సరే అన్నాకే అసలు గీత మొదలవుతుంది. నేముకు సాధారణంగా రెండు మూడు రోజులు దొరుకుతాయి, మిగతావి గీతకు. అంటే కథ గురించి ఆలోచించే సమయం వారంలో సగానికి తక్కువ. అందులోనూ ఆలోచించేది ఈ వారం 19 పుటల గురించే, ఐదో సంపుటంలో ఏం జరగాలన్నదాని గురించి కాదు.

తీర్పు చెప్పేది పాఠకుడు. ప్రతి సంచికలో ఒక కార్డు ఉంటుంది. పత్రికలోని 20 దాకా సీరియళ్లలో ఈ వారం బాగా నచ్చిన మూడింటిని రాసి పంపాలి. దశాబ్దాలుగా జంప్ నడిచేది ఈ ఓట్ల మీదే. అట్టడుగున మిగిలినవాటిని పది ఇరవై వారాల్లో తీసేస్తారు. డబుల్ ఆర్ట్స్ పోయింది ఈ తీరు పోటీలోనే. 2010ల మొదట్లో జంప్ అచ్చు 28 లక్షల చుట్టూ ఉండేది. 1990ల నడుమ 65 లక్షలు దాటిన పత్రికకు అది తగ్గుదలే. 2017లో అది 20 లక్షల కిందికి జారింది. నిసెకోయి నడిచిన ఐదేళ్లూ పత్రిక పాఠకుల్ని పోగొట్టుకుంటున్న ఐదేళ్లు. అలాంటప్పుడు ఓట్లు తెచ్చే సీరియల్‌ను త్వరగా ముగించమని ఏ సంపాదకుడూ తొందరపెట్టడు.

ఈ ఓటు కొలిచేది ఏమిటో గమనించాలి. 'ఈ వారం' నచ్చిందా అన్నదొక్కటే. లాకెట్ తెరుచుకోవడం అనే ఘటనను ఒకే ఒక్కసారి వాడుకోగలం. దానికి ఒక వారం ఓట్లు వస్తాయి, ఆ తర్వాత అది ఖర్చయిపోయినట్టే. కోసాకి సిగ్గుపడే పుటను 229 సార్లు వాడుకోవచ్చు. బొమ్మ బాగుంటే ప్రతిసారీ ఓట్లు పడతాయి. అందమైన గీత ఉన్న రచయితకు కథను కదిలించడం నష్టం, కదిలించకపోవడం లాభం. గీత సామాన్యంగా ఉన్నవాడు అయిదో వారానికే ఏదో మలుపు తిప్పి తీరాలి, లేకపోతే బతకడు. కోమికి ఆ అవసరం రాలేదు. నిసెకోయి కథను చెడగొట్టింది దాని బొమ్మేనని నేననేది అందుకే.

పాఠకుల పిచ్చి ఏ స్థాయిలో ఉండేదో చెప్పడానికి ఒక ఉదంతం చాలు. పత్రిక పాత్రల ప్రజాదరణ పోటీ పెట్టినప్పుడు ఒక అభిమాని ఒక్కడే మరికా పేరు మీద 1,500 దాకా కార్డులు పంపాడు. అప్పటికి పోస్టుకార్డు 50 యెన్ల చుట్టూ. అంటే ఒక కాగితపు అమ్మాయి కోసం సుమారు 75 వేల యెన్లు. కథ త్వరగా తెమలాలని ఇలాంటి పాఠకుడు ఎందుకు కోరుకుంటాడు? తెమిలితే మరికా ఓడిపోతుంది.

పాత్ర పెరిగితే వారాలు పెరుగుతాయి

మొదట్లో తాళంచెవి ఉన్నది ఎవరి దగ్గరన్నది ఒక్క ప్రశ్న. చిటోగె దగ్గర ఒకటి, కోసాకి దగ్గర ఒకటి బయటపడ్డాక అది మంచి చిక్కుముడి. తర్వాత పోలీసు అధికారి కూతురు మరికా ఇంకో తాళంచెవితో వస్తుంది. ఆ తర్వాత యుయి కనకురా, నాలుగోది పట్టుకుని. చైనా మాఫియా నాయకురాలు, వయసులో రాకు కన్నా పెద్దది, పైగా బడికి టీచరుగా వస్తుంది. తాళంచెవి లేకపోయినా మనసు పారేసుకున్న వాళ్లు వేరే ఉన్నారు: తుపాకులు పట్టే త్సుగుమి, కోసాకి చెల్లెలు హారు.

ఇద్దరమ్మాయిలుంటే వాళ్ల మధ్య జత ఒక్కటే. నలుగురైతే జతలు 6, ఆరుగురైతే 15. ఒక్కో జత మధ్య స్నేహం, అసూయ, అపార్థం, రాజీ. 15 జతలకు నాలుగేసి అధ్యాయాలు వేసినా 60 అయిపోతాయి, కథ అంగుళం కదలకుండానే. ఇంకోవైపు క్యాలెండర్ ఉంది. కొత్త సంవత్సరపు గుడి దర్శనం, ఫిబ్రవరిలో చాక్లెట్ల రోజు, మార్చిలో దానికి బదులిచ్చే రోజు, చెర్రీ పూలు, వేసవి సముద్రం, బాణసంచా, శరత్కాలంలో బడి ఉత్సవం, డిసెంబర్‌లో క్రిస్మస్. ఏడాదికి ఎనిమిది వేసుకుంటే 4 ఏళ్ల 9 నెలలకు 38 సందర్భాలు. 229ని ఆరుగురు అమ్మాయిలకు పంచినా తలకు 38 అధ్యాయాలే. ఈ సరిపోలిక యాదృచ్ఛికమే. కానీ ప్రతి అమ్మాయికీ ప్రతి పండక్కీ ఒక వంతు వచ్చేలా కథ పంచుకుపోయిందన్న అనుభూతి మాత్రం యాదృచ్ఛికం కాదు.

ఈ మధ్యలో కథ నిజంగా లేచి నిలబడిన చోట్లూ ఉన్నాయి. చిటోగె తల్లి హానా వచ్చే క్రిస్మస్ భాగం వాటిలో ఒకటి. వ్యాపారమే ఊపిరిగా బతికే తల్లి, ఆమె కంటబడితే వణికే కూతురు, మధ్యలో తాత్కాలిక కార్యదర్శిగా ఇరుక్కున్న రాకు. అక్కడ ప్రతి అధ్యాయమూ ముందరి అధ్యాయం మీద నిలబడుతుంది. చివర్లో మరికా బలవంతపు పెళ్లి భాగం రెండోది. అనారోగ్యంతో, కుటుంబపు పట్టుతో, గడువు దగ్గరపడిన ప్రేమతో ఆ పిల్ల ఎందుకంత తొందరపడేదో అప్పటికి అర్థమవుతుంది. ఈ రెండింటికీ ఉన్నదీ మిగతావాటికి లేనిదీ గడువే. క్రిస్మస్ ఒక రోజున వస్తుంది, పెళ్లి ఒక రోజున జరుగుతుంది. కోమికి ముగింపు తేదీ ఇస్తే కథ చెప్పగలరు.

అదే పత్రికలో అదే ఏళ్లలో దీనికి సాక్ష్యం నడిచింది. యుసెయి మత్సుయి 'అసాసినేషన్ క్లాస్‌రూమ్' 2012లో మొదలై 2016 మార్చిలో ముగిసింది, 21 సంపుటాలు. ప్రేమకథ కాదు. ఒక వింతజీవి టీచరు, అతణ్ణి వచ్చే మార్చిలోగా చంపకపోతే భూమి ఉండదు. గడువును మొదటి అధ్యాయంలోనే గోడకు కొట్టి పెట్టారు, దానికి కట్టుబడ్డారు. నిసెకోయిలోనూ మూడేళ్ల షరతు ఉంది. అది ఎప్పుడూ బెదిరించే గడువుగా మారలేదు. షరతు మూడేళ్లు, పాఠకుడు వేచింది దాదాపు ఐదేళ్లు.

పొడవు నేరం కాదు

229 అధ్యాయాలు ఎక్కువ కాబట్టే సాగింది అనుకోవడం తేలిక. కానీ ఆకా అకసకా 'కగుయా-సామా' 281 అధ్యాయాలు నడిచింది, 28 సంపుటాలు, 2015 నుంచి 2022 దాకా. అక్కడా సమస్య ఒకటే: ఇద్దరికీ ఇష్టం, ముందు చెప్పినవాడు ఓడినట్టు. అయితే మొదటి ముద్దు 14వ సంపుటంలో వచ్చేస్తుంది. 28లో 14. సరిగ్గా నడుమ. అక్కడి నుంచి కథకు కొత్త ప్రశ్న పుడుతుంది: ఇష్టం చెప్పుకున్నాక ఏమిటి? నిసెకోయి తన ఒకే ఒక్క ప్రశ్నను ఆఖరి వారాల దాకా మోసింది కాబట్టి రెండో ప్రశ్నకు చోటే లేకపోయింది.

నెగి హరుబా 'క్వింటెసెన్షియల్ క్వింటప్లెట్స్' మరో రకం. వీక్లీ షోనెన్ మ్యాగజైన్‌లో 2017 ఆగస్టు నుంచి 2020 ఫిబ్రవరి దాకా, 122 అధ్యాయాలు, 14 సంపుటాలు. కవల అక్కచెల్లెళ్లు ఐదుగురు, వాళ్లలో ఒకరిని కథానాయకుడు పెళ్లాడతాడు. ఆ సంగతి మొదట్లోనే పెళ్లి దృశ్యంతో చెప్పేస్తారు. ఎవరన్నది మాత్రం దాచి, వెతుక్కోమని ఆధారాలు వదులుతారు. ముగింపు నచ్చనివాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అడిగిన ప్రశ్నకు జవాబు ఉందనీ, అది రాబోతోందనీ పాఠకుడికి మొదటి రోజు నుంచీ నమ్మకం ఉంది.

అమ్మకాల లెక్క చూద్దాం. ఇవి ప్రచురణకర్తలు ప్రకటించే ముద్రిత ప్రతుల సంఖ్యలు. నిసెకోయి 2018 నాటికి 1.2 కోట్లు, 25 సంపుటాలకు, అంటే సంపుటానికి 4.8 లక్షలు. క్వింటప్లెట్స్ 2 కోట్లు, 14కు, సంపుటానికి 14 లక్షల పైమాట. కగుయా 2.2 కోట్లు, 28కి, సంపుటానికి 7.8 లక్షలు. కాలాలు వేరు, డిజిటల్ ప్రతులు కలిసే తీరు వేరు, టీవీ రూపాల బలం వేరు. అందుకే కథ బాగుంటే మూడింతలు అమ్ముతుందని తేల్చెయ్యను. కాని సాగదీస్తేనే డబ్బన్న వాదన మాత్రం ఈ అంకెల ముందు నిలబడదు. 14 సంపుటాల కథ 25 సంపుటాల కథకన్నా మొత్తంలోనే 80 లక్షల ప్రతులు ఎక్కువ.

సాగదీతకు కారణం దురాశ ఒక్కటే కాదు, భయం కూడా. సంపుటం 400 యెన్ల పైచిలుకు, రచయితకు వాడుకలో ఉన్న 10 శాతం రాయల్టీ అనుకుంటే 4.8 లక్షల ప్రతులకు 2 కోట్ల యెన్లు దగ్గరపడుతుంది. ఏడాదికి ఐదు సంపుటాలు. సహాయకుల జీతాలు, స్టూడియో అద్దె తీసేసినా చిన్న మొత్తం కాదు. 23 అధ్యాయాలకే వీధిన పడ్డ అనుభవం ఉన్న మనిషి, నడుస్తున్న బండిని తనంతట తాను ఆపుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇది నా ఊహే, కోమి ఎక్కడా ఇలా చెప్పారని కాదు.

ఇంకా దారుణమైన ఉదాహరణలు లేకపోలేదు. కెంతారో యబుకి గీసి, సాకి హసెమి రాసిన 'టు లవ్ రు' మొదటి సిరీస్ 18 సంపుటాలు, దాని కొనసాగింపు 'డార్క్‌నెస్' మరో 18. మొత్తం 36 సంపుటాల తర్వాతా కథానాయకుడు ఎవరినీ ఎంచుకోలేదు. ఆ లెక్కన కోమి నయం, జవాబు చెప్పారు.

ఆ జవాబు

ముగింపు ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఈ ముక్క దాటేయండి. పదేళ్ల కిందట వాగ్దానం చేసిన అమ్మాయి కోసాకి. రాకు ఎంచుకున్నది చిటోగెను. పెళ్లికి కేకు చేసింది కోసాకి.

ఊహగా ఇది బలహీనమైనది కాదు. చిన్నప్పటి మాట కన్నా కళ్లముందు పెరిగిన మనసు గొప్పది అనడం, అబద్ధంగా మొదలైన ప్రేమ నిజమై, నిజమైన తొలిప్రేమ పక్కకు తప్పుకోవడం, పేరుకు తగ్గ ముగింపే. అంకెలే దాన్ని దెబ్బతీశాయి. రెండు వందల అధ్యాయాల పాటు రాకు గోడ మీద పిల్లి. చిటోగె మీద మనసు మళ్లుతోందని అతడికి తెలిసి, కోసాకి మీద ఇష్టంతో ఆ మళ్లింపు పోరాడే అధ్యాయాలు కథకు వెన్నెముక కావాలి. వాటికి బదులు పండగలు, ప్రయాణాలు, కొత్త పాత్రలు వచ్చిపడ్డాయి. నిర్ణయం చివర్లో వచ్చింది, దానికి దారితీసిన ఆలోచన పుటల మీద కనిపించలేదు. అందుకే కోసాకి అభిమానులకు మోసపోయినట్టు, చిటోగె అభిమానులకు గెలుపు చప్పగా అనిపించింది. ఇద్దరినీ ఒకేసారి నిరాశపరచడం మామూలు విషయం కాదు.

టీవీకి ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే అంతదూరం పోలేదు. షాఫ్ట్ స్టూడియో 2014లో 20 ఎపిసోడ్లు, 2015లో 12 ఎపిసోడ్లు తీసి ఆగింది. ముగింపు తెరమీద కార్టూన్ రూపంలో రానేలేదు. 2018 డిసెంబర్ 21న నటులతో సినిమా వచ్చింది, కెంతో నకజిమా, అయామి నకజో జంటగా.

నిసెకోయి నడుస్తుండగా కోసాకిని మంత్రశక్తులున్న మిఠాయి అమ్మాయిగా మార్చి ఒక అనుబంధ చిత్రకథ వచ్చింది. దాన్ని గీసిన తైషి త్సుత్సుయి 2017లో జంప్‌లోనే తన సొంత రొమాంటిక్ కామెడీ 'వుయ్ నెవర్ లెర్న్' మొదలుపెట్టారు. 2020 డిసెంబర్ దాకా 187 అధ్యాయాలు, 21 సంపుటాలు. ఐదుగురు అమ్మాయిలు. ఆయన చేసిన పని, ఒక అమ్మాయితో కథ ముగించి, వెనక్కి వెళ్లి మిగతా నలుగురికీ విడివిడిగా ముగింపులు రాయడం. మొత్తం ఐదు ముగింపులు. నిసెకోయి అభిమానుల ఏడుపు దగ్గరుండి చూసినవాడు తీసుకున్న ముందుజాగ్రత్తలా నాకది కనిపిస్తుంది. ఎవరినీ నొప్పించని ముగింపు ఎవరి గుండెనూ తాకదని కూడా దాంతోనే తెలిసింది.

ఇప్పుడు చదవాలా?

2011లో టోక్యో కుర్రాడు నిసెకోయిని సోమవారానికి 19 పుటల చొప్పున చదివాడు. ఆరు వారాలకోసారి కిటికీ అద్దం పగిలినా అతడికి పాత జోకు గుర్తుండదు. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదివేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. విజ్ మీడియా 2018 డిసెంబర్‌లో తెచ్చిన షోనెన్ జంప్ యాప్ మొదటి నుంచీ భారత్‌లోనూ దొరుకుతోంది, అందులో నిసెకోయి మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. అధ్యాయానికి మూడు నిమిషాలనుకుంటే 229కి పదకొండున్నర గంటలు. వారాంతంలో అయిపోతుంది, అందుకే లోపాలు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 248 వారాల్లో కరిగిపోవాల్సిన పాకాన్ని ఒకే పూట తింటే ఇంతే.

నన్నడిగితే, మొదటి మూడు నాలుగు సంపుటాలు వరుసగా చదవండి. హాస్యం తాజాగా ఉంటుంది, తాళంచెవుల చిక్కు ఇంకా చిక్కుగానే ఉంటుంది. ఆ తర్వాత క్రిస్మస్ భాగానికి దూకండి. అక్కడి నుంచి మరికా పెళ్లి దాకా పుటలు తిప్పుతూ బొమ్మలు మాత్రం చూసుకుంటూ పోండి, చివరి రెండు సంపుటాలు మళ్లీ కుదురుగా చదవండి. నాలుగు గంటల పని. మిగిలిన సమయంలో డబుల్ ఆర్ట్స్ మూడు సంపుటాలూ చదవచ్చు, కథ మధ్యలో తెగిపోతుందని ముందే తెలుసుకుని.